జీర్ణకోశ దర్శనము: కొవ్వొత్తి నుండి ధ్వనితరంగముల వరకు

మనము తినెడి అన్నము గొంతు దాటినంతవరకే మన ఎరుకలో ఉండును. అటుపిమ్మట అది ఏ దారిని పోవుచున్నదో, ఎచ్చట నిలుచుచున్నదో, ఏ పుండును ఒరసికొని పోవుచున్నదో మన కంటికి కనబడదు. కడుపులో నొప్పి కలిగినపుడు మాత్రమే లోపల ఒక లోకమున్నదని గుర్తు వచ్చును. పూర్వకాలపు వైద్యుడు నాడి పట్టి, నాలుక చూచి, పొట్టపై చేయి వేసి వ్యాధిని ఊహించెడివాడు. ఊహ సరియైనదో కాదో చాల సందర్భములలో రోగి మరణించిన తరువాత గాని తేలెడిది కాదు. శవమును కోసి చూచుట వైద్యశాస్త్రమునకు గొప్ప మేలు చేసినదన్న మాట నిజమే. కాని ఆ మేలు ఆ రోగికి దక్కలేదు.

బ్రదికియున్న మనిషి కడుపులోనికి, కత్తి పెట్టకుండ, చూచుట ఎట్లు? ఈ ఒక్క ప్రశ్న వెంట వైద్యులు రెండువందల ఏండ్లకు పైగా నడచిరి. ఆ నడకను ఈనాటి ప్రసంగములో స్థూలముగా చెప్పుకొందము.

మొట్టమొదట ఆ లోకమునకు ఒక కిటికీ దైవికముగా తెరచుకొన్నది. 1822వ సంవత్సరము జూన్ నెలలో, అమెరికాలో హ్యూరన్ సరస్సునందలి మాకినాక్ ద్వీపమున, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునకు తుపాకి ప్రమాదవశమున పేలి ఎడమప్రక్కన తగిలెను. అతడు ఉన్నితోళ్ళ వర్తకులవద్ద పనిచేయు కూలివాడు. సైనిక వైద్యుడైన విలియం బోమాంట్ చికిత్స చేయగా అతడు బ్రదికెను గాని, జఠరములోనికి పడిన చిల్లు మాత్రము పూడలేదు. బోమాంట్ ఆ చిల్లుగుండ పట్టుదారమునకు మాంసపు తునుకలను, రొట్టెముక్కలను కట్టి లోపలికి దింపి, గడియారము చూచుకొనుచు, ఏది ఎంతసేపటికి కరగుచున్నదో వ్రాసికొనెను. కోపము వచ్చినపుడు జీర్ణక్రియ చెడుటయు ఆతడు గమనించెను. 1833లో ఆతడు ప్రకటించిన గ్రంథము జీర్ణశాస్త్రమునకు పునాదులలో ఒకటి. అయితే సెయింట్ మార్టిన్ బీదవాడు. తన గాయమును పరులకు పాఠ్యపుస్తకముగా ఇచ్చి జీవించినవాడు. కిటికీ దొరకినది గాని, అందరి పొట్టలకును చిల్లులు పెట్టలేము గదా! ప్రకృతి ఇచ్చిన ద్వారముననే ప్రవేశింపవలెను.

ఆ ప్రయత్నము అంతకుముందే మొదలైనది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఫిలిప్ బొజ్జీని అను వైద్యుడు 1806లో ఒక పరికరమును లోకమునకు తెలియజేసెను. దానిలో ఒక మైనపు వత్తి, ఒక అద్దము, సన్నని గొట్టములు ఉండెను. వత్తి వెలుగు అద్దముపై పడి గొట్టముగుండ శరీర రంధ్రములలోనికి పోవును. చూచువాని కంటికి మంట తగులకుండ అడ్డు ఉండును. వియన్నాలోని వైద్య విద్యాపీఠము వారు దీనిని ఆదరింపలేదు; వింతవస్తువుగా తీసివేసిరి. బొజ్జీని 1809లో, ముప్పదియైదవ ఏట, రోగులకు చికిత్స చేయుచు తానే విషజ్వరమునకు గురియై మరణించెను. ఆయన కొవ్వొత్తి ఆరినను, దీపమును లోపలికి పంపవచ్చునన్న తలంపు మాత్రము ఆరలేదు.

1853లో పారిస్ వైద్యుడు దెసోర్మో కొవ్వొత్తికి బదులు మద్యసారమును కర్పూరతైలమును కలిపి మండించు దీపమును వాడెను. ఈ పరికరమునకు ‘ఎండోస్కోప్’ అను పేరును ప్రచారములోనికి తెచ్చినవాడు ఆయనయే. మనము దానిని అంతర్దర్శిని అనవచ్చును. కాని అది మూత్రాశయము వంటి దగ్గరి భాగములకే పనికివచ్చెను. జఠరము దూరము, దారి వంకర.

ఆ వంకరను గూర్చి పాఠము చెప్పినది వైద్యుడు కాదు, వీథిలో కత్తులు మ్రింగు గారడీవాడు. జర్మనీ దేశమున ఫ్రైబర్గ్‌లో ఆడాల్ఫ్ కుస్మాల్ అను ఆచార్యుడు, తల వెనుకకు బాగుగా వాల్చినచో నోరు, గొంతు, అన్నవాహిక ఒకే వరుసలోనికి వచ్చునని గారడీవానిని బట్టి గ్రహించెను. 1868లో 47 సెంటీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల లావు గల తిన్నని లోహపు గొట్టమును అట్టి కత్తులు మ్రింగువాని గొంతులోనికి దింపి జఠరములోనికి చూచెను. గొట్టము పోయినది, కాని దెసోర్మో దీపపు కాంతి అంతదూరము చాలలేదు. లోపల ఊరిన ద్రవము చూపును మరింత మరుగుపరచినది. దారి తెలిసినది, దీపము లేదు. కుస్మాల్ ఆ ప్రయత్నమును విరమించుకొనెను.

దీపమును విద్యుచ్ఛక్తి ఇచ్చినది. 1881లో వియన్నాలో మికులిజ్ అను శస్త్రవైద్యుడు, లైటర్ అను పరికర నిర్మాత సాయముతో, కొద్దిగా వంపు గల గొట్టము చివర విద్యుత్తుతో వెలుగు ప్లాటినపు తీగను అమర్చెను. ఆ తీగ వేడికి ఒడలు కాలకుండ చుట్టును చల్లని నీరు ప్రవహింపజేయవలసి వచ్చెను. ముడుతలు పడియున్న జఠరమును గాలి ఊది విప్పి చూచెడి పద్ధతి కూడ ఆయనదే. ఆ విధముగ జీవించియున్న మనిషి జఠరమును, అందలి పుట్టకురుపును వైద్యుని కన్ను చూడగలిగినది.

అయినను గట్టి గొట్టము గట్టి గొట్టమే. రోగి ఏమాత్రము కదిలినను అన్నవాహిక చిరుగుటకు అవకాశమున్నది. చిరిగినచో ఆ కాలమున ప్రాణము దక్కుట అరుదు. వ్యాధిని తెలిసికొనుటకై చేసిన పరీక్షయే ప్రాణము తీయుట కంటె విషాదము మరేమున్నది? ఈ భయమును తగ్గించిన ఘనత మ్యూనిక్ వైద్యుడైన రుడోల్ఫ్ షిండ్లర్‌ది. 1923లోనే ఆయన జఠరదర్శనముపై సచిత్రగ్రంథము ప్రకటించెను. 1932లో గేయార్గ్ వోల్ఫ్ అను పరికర నిర్మాతతో కలసి, పై సగము గట్టిగాను దిగువ సగము వంగునట్లుగాను ఉన్న జఠరదర్శినిని సిద్ధపరచెను. చిన్న చిన్న కటకములను పదులకొలది ఒకదాని వెంట ఒకటి పేర్చుటచే, గొట్టము కొంత వంగినను ప్రతిబింబము చెదరకుండ పైకి వచ్చెను. ఆయన భార్య గాబ్రియేలే రోగి తలను పట్టుకొని ఓదార్చుచు పరీక్షకు తోడ్పడెడిది. ఆమె చేతి నేర్పు కూడ ఆ పరికరములో ఒక భాగమే యనవలెను.

అంతలో జర్మనీలో నాజీల పాలన వచ్చెను. షిండ్లర్ తండ్రి యూదుడు. నిర్బంధమునకు గురియైన షిండ్లర్ 1934లో దేశము విడిచి అమెరికాలోని షికాగో చేరెను. మ్యూనిక్ పోగొట్టుకొన్న విద్య షికాగోకు దక్కినది. 1941లో ఆయన పూనికపై అచ్చట జఠరదర్శనము చేయు వైద్యుల సంఘము ఏర్పడెను. అమెరికాలో నేడు అంతర్దర్శిని వైద్యులకు ప్రధాన సంస్థగా నున్నది ఆ సంఘమే. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొనగోరుచున్నాను; మరల మన ప్రాంతమును గూర్చి చెప్పునపుడు దానితో పని యున్నది.

జపాను దేశమున జఠరపు పుట్టకురుపు ఎక్కువ. దానిని ముందుగా పట్టుకొనవలెనన్న ఆత్రుతతో 1950లో తోక్యో వైద్యుడు ఉజి తత్సురో, ఒలింపస్ సంస్థ ఇంజనీర్లు కలసి, మ్రింగదగిన చిన్న కెమెరాను తయారుచేసిరి. సన్నని గొట్టము చివర కెమెరా, చిన్న బల్బు ఉండును. కాని ఫోటో తీయుచున్నంతసేపును వైద్యునకు ఏమియు కనబడదు. ఫిలిము కడిగిన తరువాతనే చూచుట. గురి చూడకుండ బాణము వేసినట్టి పని యైనను, జపాను వైద్యులు దానితోనే ఎన్నో వ్యాధులను తొలిదశలో గుర్తించిరి.

ఇక గాజుదారముల కథ. వెలుగు తిన్నగానే పోవునని మనము చిన్ననాడు చదువుకొంటిమి. కాని గాజుదారములో ఒక కొన నుండి ప్రవేశించిన వెలుగు ప్రక్కగోడలకు తగిలి, బయటికి పోలేక, లోపలికే తిరిగి తిరిగి, దారము ఎట్లు వంగిన అట్లు పోయి రెండవ కొనను చేరును. ఇట్టి దారములను వేలకొలది కట్టగా కట్టినచో, ఒక్కొక్క దారము ఒక్కొక్క చుక్కను మోసికొని వచ్చును. చుక్కలన్నియు చేరి బొమ్మయగును. మన ముంగిట ముగ్గు చుక్కలతో ఏర్పడుట వంటిదే ఇదియు. 1930లో హైన్‌రిక్ లామ్ అను విద్యార్థి మ్యూనిక్‌లోనే దీనిని ప్రయత్నించి చూచెను. 1954 జనవరిలో లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన హాప్కిన్స్, ఆయన శిష్యుడు నరీందర్ సింగ్ కపానీ అట్టి కట్టతో బొమ్మను పంపగలిగినట్లు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. కపానీ 1926లో పంజాబులోని మోగాలో జన్మించిన భారతీయుడు. ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, 2021లో, భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ పురస్కారమును ప్రకటించినది.

ఆ వ్యాసమును చదివి లండనుకు పరుగెత్తినవాడు దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన బేసిల్ హిర్షోవిట్జ్. అయితే దారములు ఒకదాని నొకటి తాకినచోట వెలుగు కారిపోవుచుండెను. లారీ కర్టిస్ అను యువవిద్యార్థి ఒక జాతి గాజుకడ్డీని మరియొక జాతి గాజుగొట్టములో నుంచి, రెంటిని కలిపి కరగించి దారముగా తీసెను. పైనున్న గాజు లోపలి వెలుగునకు తొడుగైనది. ఇది 1956 డిసెంబరు మాట. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ దర్శినిని మొదట తానే మ్రింగి చూచెను; కొద్ది దినములకే ఒక రోగిని పరీక్షించెను. తాను మ్రింగనిదానిని రోగిచే మ్రింగింపరాదన్న ఆ నియమము గమనింపదగినది. దానితో కుస్మాల్ నాటి గట్టి గొట్టముల యుగము అంతమైనది.

చూచుట చేతనైన పిమ్మట చేయుట మొదలైనది. దర్శిని ప్రక్కనే సన్నని కాలువ నుంచి, దానిగుండ చిన్న పటకారును, తీగ ఉచ్చును పంపిరి. 1969లో న్యూయార్కునందు వుల్ఫ్, షిన్యా అను వైద్యులు పెద్దప్రేవులోని పిలకలను పొట్ట కోయకుండ తీగతో తెంపి తీయుట ఆరంభించిరి. ఆ పిలకలలో కొన్ని ముదిరి పుట్టకురుపు లగును గనుక, ఇది వ్యాధిని పుట్టకమునుపే త్రుంచుట వంటిది. 1968లో అమెరికా వైద్యులు, దర్శినిగుండ సన్నని నాళమును పంపి, పైత్యనాళము క్లోమనాళము ప్రేవులో కలియు ద్వారమున రంగుద్రవము నెక్కించి ఎక్స్‌రే తీసినట్లు ప్రకటించిరి. 1974లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో క్లాసెన్, డెమ్లింగ్ అనువారును, జపానులోని క్యోటోలో కవాయ్ అనువారును, ఒకరి కొకరు సంబంధము లేకయే, ఆ ద్వారమును లోపలి నుండియే కొద్దిగా కోసి, పైత్యనాళమున చిక్కిన రాళ్ళను తీయు మార్గమును కనుగొనిరి. అంతకు ముందు అట్టి రాయికి పెద్ద శస్త్రచికిత్సయే శరణ్యము. 1983లో గాజుకట్టకు బదులు దర్శిని కొననే చిత్రగ్రాహక మూలకము నమర్చుటతో, ఒక్క వైద్యుని కంటికే కనబడు దృశ్యము తెరమీదికి వచ్చి గదిలోని వారందరికిని కనబడసాగెను.

ఇంత జరిగినను ఒక గోడ మిగిలిపోయినది. అది ప్రేవు గోడయే. కన్ను ఎంత లోపలికి పోయినను చూచునది పైపొరను మాత్రమే. గోడ దళసరిలో ఏమి దాగినదో, గోడకు ఆవల ఏమున్నదో దానికి తెలియదు. ఆవల నున్నది క్లోమము. జఠరమునకు వెనుక, వెన్నెముకకు ముందు, అన్ని అవయవములకు చాటున ఒదిగియుండు ఈ గ్రంథి వ్యాధిగ్రస్తమైనను చాలకాలము బయటపడనీయదు. పుట్టకురుపు పుట్టినచో, కామెర్లో, బరువు తగ్గుటయో, వెన్నునొప్పియో కనబడునప్పటికి తరచుగా చేయి దాటిపోవును. ఈ గ్రంథి కడ వైద్యుడు ఓడిపోవుచునే యుండెను.

కన్ను ఓడినచోట చెవి గెలిచినది. 1880లో పారిస్‌లో జాక్, పియేర్ క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి అదరును; అదరుటయే ధ్వని. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజెవాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ గుణముతో సముద్రములోనికి ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని బట్టి శత్రువుల జలాంతర్గాములను పసిగట్టు ప్రయత్నము చేసెను. 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు ఈ విద్యనే పొట్టపై ప్రయోగించి, లోపలి గడ్డలను గర్భస్థ శిశువును చూపిరి. ఓడలను ముంచువాటిని వెదకుటకు పుట్టిన విద్య, తల్లి కడుపులోని బిడ్డను చూచుటకు వచ్చినది.

అయితే పైనుండి పంపిన ధ్వనికి ప్రేవులలోని గాలి శత్రువు. గాలి తగిలిన తోడనే అది వెనుకకు మరలును. క్లోమమునకు ముందు జఠరము, దాని నిండ గాలి. అందుచే ధ్వని పుట్టించు స్ఫటికమునే మ్రింగించి జఠరములోనికి పంపిన నేమి? 1980లో అమెరికాలోను జర్మనీలోను ఈ ప్రయత్నము ఫలించినది. అమెరికాలో డిమాగ్నో బృందము మొదట కుక్కలపై ప్రయోగించినది. జర్మనీలో స్ట్రోమ్, క్లాసెన్ ప్రభృతులు రోగులను పరీక్షించిరి. ఇదియే ‘ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్’ అను పరీక్ష.

మన చెవి సెకనుకు 20 వేల అదురులకు మించిన ధ్వనిని వినలేదు. ఈ పరికరము వాడునది సాధారణముగ సెకనుకు 50 లక్షల నుండి ఒక కోటి 20 లక్షల అదురుల ధ్వని. అదురులు పెరిగినకొలది చిత్రము సూక్ష్మమగును గాని లోతునకు పోలేదు. తగ్గినకొలది లోతునకు పోవును గాని సూక్ష్మత తగ్గును. పొట్టపై నుండి చూచువాడు లోతును కోరుకొనక తప్పదు. లోపల నుండి చూచువానికి క్లోమము గోడ ప్రక్కనే యున్నది గనుక సూక్ష్మతను కోరుకొనవచ్చును. గుట్టు అంతయు ఇందే యున్నది. గోడకు దర్శినికి నడుమ గాలి నిలువకుండ నీటితో నింపిన చిన్న బుడగ నుంతురు. అపుడు జఠరపు గోడ అయిదు పొరలుగా, తెలుపు నలుపు చారలుగా తెరపై కనబడును. పుట్టకురుపు ఏ పొరవరకు దిగినదో ఆ చారలు తెగినచోటు చెప్పును. పై పొరలోనే యున్నచో దర్శినితోనే తీయవచ్చును. లోపలికి దిగినచో శస్త్రచికిత్స కావలెను. రెండు మూడు మిల్లీమీటర్ల పైత్యపు రాయియు, రెండు సెంటీమీటర్లకు లోబడిన క్లోమపు గడ్డయు దీనికి పట్టుబడును.

గడ్డ కనబడినంత మాత్రమున అది మంచిదో చెడ్డదో తెలియదు. 1992లో డెన్మార్కు వైద్యుడు పీటర్ విల్మన్, ఆయన సహచరులు, ధ్వనిచిత్రమును చూచుచునే జఠరపు గోడగుండ సన్నని సూదిని క్లోమములోనికి పంపి కణములను తీసినట్లు ప్రకటించిరి. అటుపిమ్మట అదే మార్గమున క్లోమము చుట్టు చేరిన నీటితిత్తులను జఠరములోనికి తూము పెట్టి ఖాళీచేయుట, నయము కాని పుట్టకురుపు బాధను తగ్గించుటకై నరముల కూడలికి మందు ఎక్కించుట సాధ్యమైనవి. కన్ను చెవియై, చెవి చేయి యైనది.

ఈ పరీక్ష వలన కలిగిన మేలు కోతను తప్పించుట యొక్కటే కాదు. అనవసరపు ప్రయత్నమును తప్పించుట కూడ. పైత్యద్వారమున రంగుద్రవము నెక్కించు చికిత్స చేసినవారిలో నూటికి మూడు నుండి పదిమంది వరకు క్లోమమునకు వాపు వచ్చుట కలదు. ఒక్కొక్కపుడు అది ప్రాణాంతకము. రాయి ఉన్నదో లేదో ధ్వనిచే ముందుగా తెలిసికొన్నచో, లేనివానికి ఆ గండమే ఉండదు. ‘ఏమియు లేదు, ఇంటికి పొమ్ము’ అని ధైర్యముగా చెప్పగలుగుట కూడ వైద్యమే.

ఇక మన ప్రాంతము సంగతి. దక్షిణ భారతమున చిన్నవయస్సు వారిలో సైతము క్లోమమున రాళ్ళు ఏర్పడి, తీరని నొప్పిని మధుమేహమును కలిగించు దీర్ఘవ్యాధి యొకటి కలదు. అందుచేత ఈ విద్య మనకు దూరదేశపు వింత కాదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో ఈ చికిత్సలు పెద్ద సంఖ్యలో జరుగుచున్నవి. దేశదేశముల వైద్యులు వచ్చి నేర్చుకొనుచున్నారు. దాని అధిపతి డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి కర్నూలు వైద్యకళాశాలలో చదివినవారు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే ఆయనయు డాక్టరు జి. వెంకటరావును నోటిగుండ పంపిన దర్శినితో జఠరపు గోడను దాటి ఉండుకమును తొలగించి, లోకము దృష్టిని ఆకర్షించిరి. 2021లో షిండ్లర్ నెలకొల్పిన ఆ సంఘమే షిండ్లర్ పేర నిచ్చు పురస్కారమును నాగేశ్వరరెడ్డిగారికి ఇచ్చినది. 2025లో ఆయనకు పద్మవిభూషణము లభించినది. మ్యూనిక్‌లో వేసిన విత్తు షికాగోలో మొలచి, హైదరాబాదులో కూడ కాపు కాచినది.

అయితే పరికరము ఎంత గొప్పదైనను దానికి తన దోషములు కలవు. పైత్యద్వార చికిత్సకు వాడు దర్శినుల కొనలోని సన్నని సందులలో సూక్ష్మజీవులు దాగి, కడిగినను పోక, ఒక రోగి నుండి మరియొక రోగికి సోకినట్లు తేలగా, 2015లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణశాఖ హెచ్చరిక చేయవలసి వచ్చెను. పరికరమును వాడు నేర్పు ఎంత ముఖ్యమో, దానిని కడుగువాని శ్రద్ధయు అంత ముఖ్యమని అందరును అప్పుడు తెలిసికొనిరి. ధ్వనిచిత్రము కూడ తనంత తాను మాటలాడదు. ఆ నలుపు తెలుపు నీడలను చదువుటకు సంవత్సరముల అభ్యాసము కావలెను. పట్టణములో దొరకు ఈ విద్య పల్లెలోని రోగికి అందుబాటులోనికి వచ్చుట ఇంకను మిగిలియున్న కార్యము.

బొజ్జీని కొవ్వొత్తి, గారడీవాని గొంతు, గాజుదారము, జలాంతర్గామిని వెదకిన ధ్వని — ఇవేవియు వైద్యుని సొత్తు కావు. ఇతరులవద్ద అరువు తెచ్చుకొన్నవే. వాని నన్నింటిని ఒకచోట చేర్చినది రోగి బాధను కోత లేకుండ తెలిసికొనవలెనన్న తపన. కనుక వైద్యుడు ‘లోపల గొట్టము వేసి చూడవలెను’ అన్నపుడు భయపడి వాయిదా వేయువారికి ఒక మాట. ఆ గొట్టము నేడు గట్టిది కాదు, గ్రుడ్డిది కాదు. దేనికొరకు చూచెదరో, అందు గల అపాయమేమో, చూచినందువలన చికిత్స ఏమి మారునో వైద్యుని అడిగి తెలిసికొనుడు. ఆ ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకినపుడు జంకవలసిన పని లేదు. కడుపులోని వ్యాధి విషయమున ఆలస్యమే అన్నింటికంటె పెద్ద అపాయము.